కిటికీకి వేసిన బొంత

ఈ దేశంలో జూన్ నెల వచ్చిందంటే పొద్దు గుంకదు. అన్నాలు తిని, గిన్నెలు కడిగి, వంటిల్లు తుడిచేసుకున్నా బయట ఇంకా పట్టపగలే. పెద్దవాళ్ళం గనక మనం కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుంటాం. పిల్లలకేం చెప్తాం? "సూర్యుడే పడుకోలేదు, నేనెందుకు పడుకోవాలి" అని నా మనవరాలు అడిగింది. పడుకోమంటే పడుకోవాలంతే అన్నాను. అది జవాబు కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

మా అమ్మాయి వాళ్ళుండేది ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్ అనే ఊళ్ళో. అమ్మాయి ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరు. రోగుల్ని చూసే డాక్టరు కాదు, వాళ్ళ ఎక్స్‌రేలు, స్కానులు చూసి లోపలేముందో చెప్పే డాక్టరు. అల్లుడి ఆఫీసు బేసింగ్‌స్టోక్‌లో. వారంలో కొన్ని రోజులు అక్కడే ఉండిపోతాడు. అమ్మాయికి డ్యూటీల రోటా ఎప్పుడెలా పడుతుందో దానికే తెలియదు. అందుకని ఆరేళ్ళ పిల్ల పడక మేడ మీద నా గదిలో, నా పక్కన. నేనీ ఇంటికి వచ్చింది మొదలు అలాగే జరుగుతోంది.

"కిటికీకి నల్లటి బ్లైండ్ ఒకటి తెప్పిస్తానమ్మా. వెలుగు అస్సలు రాదు," అంది అమ్మాయి.

"ఇంట్లో అంత బొంత పెట్టుకుని ఇంకోటి కొనడమేవిటే?" అన్నాను. బొంత తీసుకెళ్ళి కర్టెన్ కడ్డీ మీద వేసి, జారకుండా బట్టల క్లిప్పులు పెట్టాను. గది చీకటయింది. పిల్ల నిద్రపోయింది. డబ్బులు మిగిలాయి. అంతటితో అయిపోవలసిన సంగతి.

ఆ బొంత ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

మా ఆయన బస్సు డ్రైవరు. రిటైరయ్యాక కూడా ఖాకీ బట్టలు పారెయ్యనిచ్చేవారు కాదు. ఆయన పోయాక పంచెలు, తెల్ల చొక్కాలు వాళ్ళూ వీళ్ళూ అడిగి పట్టుకెళ్ళారు. ఖాకీ ఎవరూ అడగలేదు. నేను ఇక్కడికి బయల్దేరేటప్పుడు పెట్టెలో పచ్చడి సీసాల మధ్య ఆ ఖాకీ గుడ్డలు కుక్కుకొచ్చాను. అమ్మాయి పెట్టె విప్పి, "ఇవెందుకమ్మా?" అంది. "సీసాలు పగలకుండా," అన్నాను. అది నిజమే. సీసాలు ఒక్కటీ పగల్లేదు.

మొదటి చలికాలం వచ్చింది. అల్లుడు హీటింగ్ పెడతాడు, నేను కట్టేస్తాను. "అత్తయ్యా, మీరు స్వెట్టర్ వేసుకుని తిరుగుతున్నారు, మేం తిరగలేం," అని నవ్వేవాడు. ఖాళీ గదులకి వేడి ఎందుకో నాకు అర్థం కాదు. సరే, ఉన్న గుడ్డలతో బొంత కుడదామని కూర్చున్నాను.

నేను బడికి పోయింది అయిదో తరగతి దాకా. సూది మాత్రం అంతకు ముందే పట్టాను. మా అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పైన ముక్కలు అతికి, చుట్టూ టాకాలు వేసేది. ఒకే ఒక నియమం పెట్టింది. ఒకే గుడ్డలోవి రెండు ముక్కలు పక్కపక్కన పడకూడదు. మధ్యలో వేరే ముక్క రావాల్సిందే. ఎందుకే అని అడిగితే, "పడితే ఊరుకోవు," అనేది. ఏవి ఊరుకోవో, ఏం చేస్తాయో చెప్పేది కాదు. చెయ్యి ఆపకుండా కుట్టమనేది.

నేనా నియమం తప్పలేదు. ముందు గది కార్పెట్ మీద అన్నీ పరుచుకున్నాను. ఖాకీ చొక్కా భుజాల ముక్కలు పై వరసలో వేశాను. చేతుల ముక్కలు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి కాబట్టి అవి రెండు పక్కలా. ప్యాంటు గుడ్డ బరువు, అందుకని అది కాళ్ళ వైపు వేశాను, బొంత మంచం మీంచి జారిపోకుండా. ప్రతి ఖాకీ ముక్క చుట్టూ నా పాత వాయిలు చీరల ముక్కలో, అమ్మాయి చిన్నప్పటి గౌను ముక్కలో పెట్టాను. ఖాకీని ఖాకీ తాకలేదు. అడుగున గంధం రంగు చీర ఒకటి, సాదాది. వాయిలుకి సన్న సూది, ఆ చీర రంగులోనే ఉన్న దారం సరిపోయాయి. ఖాకీ దగ్గర సన్న సూది విరిగింది. దానికి లావు సూది, బొత్తాలు కుట్టే నల్ల దారం పట్టాల్సి వచ్చింది.

చలికాలమంతా పిల్లా నేనూ ఆ బొంత కింద పడుకున్నాం. పిల్ల వేలు పెట్టి, "ఇది ఎవరిది? ఇది ఎవరిది?" అని అడిగేది. ఇది మీ అమ్మ బడి గౌను, ఇది నా నీలం చీర, ఇది తాతయ్య జేబు అని చెప్పేదాన్ని. ఆ జేబులో చెయ్యి పెట్టుకుని నిద్రపోయేది.

ఇప్పుడు మళ్ళీ జూన్‌కి వస్తాను. కిటికీకి బొంత వేసిన మొదట్లో ఆకాశం మబ్బుగానే ఉంది. ఏమీ తెలియలేదు. తర్వాత ఒక సాయంత్రం మబ్బు విడిపోయి ఎండ కాసింది. మా కిటికీ పడమటి వైపు. నేను ఆరిన బట్టలు మడత పెడుతున్నాను. పిల్ల మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కిటికీ వైపే చూస్తోంది.

"అమ్మమ్మా, హూ ఈజ్ దట్ మ్యాన్?"

ఇక్కడ పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఇక మీద అది అన్నవన్నీ తెలుగులోనే రాస్తాను.

"ఏ మనిషే?"

"కిటికీలో."

"మేడ మీద కిటికీలోకి మనిషెలా వస్తాడే? కళ్ళు మూసుకో."

"రాలేదు. కూర్చునే ఉన్నాడు."

నేను తల తిప్పి చూశాను. నాకు బొంత కనిపించింది. ఎండ వెనక నుంచి పడి వాయిలు ముక్కలు దీపాల్లా వెలుగుతున్నాయి. నీలం చీర, చిలకాకు పచ్చ చీర, అమ్మాయి బడి గౌను. ఖాకీ మందం కాబట్టి అక్కడ వెలుగు లేదు.

"ఎలా కూర్చున్నాడు?"

పిల్ల లేచి కూర్చుంది. మోకాళ్ళు మడిచి, రెండు చేతులూ ముందుకి చాపి, దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచింది. "ఇలా," అంది.

నా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"మొహం ఎలా ఉంది?"

"తల లేదు," అంది మామూలుగా. అలా అన్నాక దానికే భయమేసింది. చెప్పేదాకా అనిపించలేదేమో. మంచం దిగి, గోడ పట్టుకుని, కిటికీ వైపు చూడకుండా గుమ్మం దాకా వెళ్ళి అక్కడ నిలబడి ఏడుపు మొదలు పెట్టింది.

"గుడ్డలే పిచ్చి పిల్లా. తాతయ్య జేబు చూడు, నువ్వు చెయ్యి పెట్టుకునేది," అన్నాను. నా ఉద్దేశం ధైర్యం చెప్పడం. పిల్ల ఏడుపు ఆపి నన్ను చూసింది. "అయితే అది తాతయ్యా?" అంది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

అప్పుడే అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. మెళ్ళో ఆసుపత్రి కార్డు కూడా తియ్యకుండా ఏడుపు విని పైకి వచ్చింది. గుమ్మంలో పిల్లని ఎత్తుకుంది. పిల్ల భుజం మీంచి గదిలోకి చూసింది. చూసి అక్కడే ఆగిపోయింది. రెండో చేత్తో తలుపు దగ్గరగా వేసేసింది, లోపల ఎవరో బట్టలు మార్చుకుంటున్నట్టు. నేనింకా లోపలే ఉన్నాను.

ఆ రాత్రి పిల్ల వాళ్ళమ్మ పక్కన పడుకుంది. అది నిద్రపోయాక అమ్మాయి కిందికొచ్చి అన్నం పెట్టుకుంది.

"నీకూ కనపడిందా?" అన్నాను.

"నాన్న కూర్చున్నట్టే ఉందమ్మా."

"నాకు గుడ్డలే కనపడ్డాయి."

"నువ్వు కుట్టావు కదా. నీకు ఏ ముక్క కా ముక్క తెలుసు. మాకలా కాదు." అన్నం కలుపుతూ చెప్పుకొచ్చింది. "కన్ను ముక్కలే తెస్తుందమ్మా. కలిపేది మెదడు. ఒకే రంగువి కనపడితే ఒక జట్టు చేస్తుంది. ఒక వరసలో పోతుంటే ఒక గీత అనుకుంటుంది. మధ్యలో ఖాళీ ఉంటే తనే పూడ్చుకుంటుంది. మనల్ని అడగదు."

"అడక్కుండా ఎలా చేస్తుంది?"

"నువ్వు ముగ్గుకి చుక్కలు పెట్టి నిలబడతావు చూడు. గీత గియ్యకముందే ముగ్గు కనపడదూ నీకు?"

కనపడుతుంది. ఒప్పుకున్నాను. నా టాకాలు కూడా అంతే కదా అనుకున్నాను. సూది పైకి వచ్చిన చోట దారం ఉంటుంది, కిందికి దిగిన చోట ఉండదు. సగం ఖాళీయే. ఎవరైనా చూసి గీత బాగా వచ్చిందంటారు గాని, ఇంత ఖాళీ ఉందేమిటి అనరు. మా అమ్మ నియమం కూడా అప్పుడు కొంచెం తెలిసింది. ఒకే గుడ్డ ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. పక్కపక్కన పెట్టకపోతే చాలనుకుంది మా అమ్మ. నేనూ అంతే అనుకున్నాను. మధ్యలో ఇంకో గుడ్డ అడ్డం పెట్టినా అవి దాని మీదుగా కలుసుకుంటాయని మా ఇద్దరికీ తెలియదు. మా అమ్మ బొంతల్లో ఖాకీ ఎప్పుడూ లేదు. ఆ బొంతలు ఎవరూ ఎండకి అడ్డంగా కట్టలేదు.

"నా పనంతా ఇదేనమ్మా," అంది అమ్మాయి. "స్కానంతా మబ్బులా ఉంటుంది. అందులో ఉన్నది వదిలెయ్యకూడదు, లేనిది కలుపుకోకూడదు."

"మరి ఇది ఉన్నదా లేనిదా?"

అమ్మాయి లేచింది. కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టింది. అక్కడి నుంచే, నా వైపు తిరక్కుండా అంది: "ఆ బొంత ఇంట్లో వద్దమ్మా. పాత బట్టలు తీసుకునే చారిటీ షాపుకి ఇచ్చేద్దాం. పిల్ల నీ గదిలోకి రానంటోంది."

ఇవ్వనన్నాను. ఆ ఖాకీ తప్ప ఆయన ఒంటి మీది గుడ్డ ఇంకేదీ నా దగ్గర లేదు. పిల్ల నా పక్కన పడుకోకపోతే ఈ ఇంట్లో రాత్రిపూట నాకు పనేమీ లేదు. పిల్ల కావాలి, బొంతా కావాలి. రెండిట్లో ఒకటే మిగిలేట్టుంది.

మర్నాడు సాయంత్రం పిల్లని వాళ్ళమ్మ పార్కుకి తీసుకెళ్ళింది. నేను గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. బొంత కిటికీకి అలాగే ఉంది. ఎండ దిగుతోంది. చూశాను. ముక్కలే. భుజం ముక్క, పక్కన నీలం చీర, తర్వాత జేబు, తర్వాత బడి గౌను. గుమ్మంలో నిలబడి చూశాను. ముక్కలే. వాళ్ళిద్దరికీ కనపడి నాకు కనపడకపోవడమేమిటని కోపమొచ్చింది. ఆయనతో కాపురం చేసింది నేను.

విసుగొచ్చి కళ్ళజోడు తుడుచుకుందామని తీశాను.

ఆయన ఉన్నారు.

ముక్కల అంచులు మసకలో పోయాయి. పువ్వులు, చారలు అన్నీ కలిసి వెలుగైపోయాయి. ఆ వెలుగు మధ్యలో మనిషి నల్లగా, భుజాలు కొంచెం ముందుకి వంచి, చేతులు చాపి, మోకాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. స్టీరింగ్ పట్టుకుని ఎన్నో ఏళ్ళు కూర్చున్నట్టే. నన్ను చూస్తూ కూర్చున్నారు అని రాయాలి, కానీ చూడ్డానికి తల లేదు. బొంత అంచు అక్కడితో అయిపోయింది.

గబగబా జోడు పెట్టుకున్నాను. పోలేదు. ఇప్పుడు కుట్లూ కనపడుతున్నాయి, పువ్వులూ కనపడుతున్నాయి, ఆయనా ఉన్నారు. లేచి బొంత కిందికి లాగి మంచం మీద పడేశాను. మంచం మీద పడుకుని ఉన్నారు. మడత పెట్టాను. పై మడతలో ఒక్క మోకాలు మిగిలింది. అది ఆయన మోకాలే అని ఇప్పుడు నాకు తెలుసు. నిన్నటి దాకా అది ప్యాంటు ముక్క.

ఆ రాత్రి పిల్ల లేని మంచం మీద అదే కప్పుకుని పడుకున్నాను. వేరే దుప్పటి తీసుకోవచ్చు. తీసుకోలేదు. నేను ఊపిరి తీస్తే ఆయన భుజాలు లేచాయి. వదిలితే దిగాయి. ఊపిరి బిగబట్టి చూశాను. ఆగారు. ఆ తర్వాత నేను సరిగ్గా ఊపిరి తీసుకోలేకపోయాను.

ఆ తల లేని చోట ముఖం పెడదామని చూశాను. మీసం గుర్తొచ్చింది, తెల్లబడ్డాక రంగు వెయ్యడం మానేసిన మీసం. ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ గుర్తొచ్చింది. కిళ్ళీ నమిలిన పళ్ళు గుర్తొచ్చాయి. ఒకటి వస్తే ఇంకొకటి పోతోంది. అన్నీ ఒక్కసారి నిలబడి ఒక ముఖం కావడం లేదు. ఫొటో కింద గదిలో ఉంది, దండ వేసి. ఆ ముఖం తెచ్చి ఇక్కడ పెడితే ఫొటోలాగే ఉంది తప్ప మనిషిలా లేదు. తల లేని ఆ నీడ మాత్రం మనిషిలా ఉంది. తెల్లారేదాకా అదే నన్ను భయపెట్టింది.

శనివారం పగటిపూట బొంత కింద గదిలో కార్పెట్ మీద పరిచి పిల్లని పిలిచాను. దూరంగా సోఫా ఎక్కి కూర్చుంది.

"ఇలా రావే. ఈయన పోవాలంటే ఏ ముక్క మూసెయ్యాలో నువ్వే చెప్పు. నీకే కదా ముందు కనపడింది."

తనని పెద్దరికం చెయ్యమన్నానని అర్థమైంది దానికి. దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఒక్కో ఖాకీ ముక్క మూస్తూ, కళ్ళు చికిలించి చూస్తూ పోయింది.

"చెయ్యి మూస్తే?" అన్నాను.

"చెయ్యి లేని మనిషి అవుతాడు. అది ఇంకా ఘోరం."

"భుజం?"

"ఉన్నాడు."

"జేబు మూసెయ్యనా?"

"జేబు నాది," అంది.

ఒళ్ళో ముక్క దగ్గరికొచ్చింది. నడుముకీ మోకాళ్ళకీ మధ్య అడ్డంగా ఉన్న వెడల్పు ముక్క. రెండు చేతులూ పెట్టి మూసింది. చాలాసేపు చూసింది. "ఇది," అంది. "ఇది మూస్తే ఇంక కూర్చోలేడు."

నేనూ చూశాను. నిజమే. పైన కొన్ని ఖాకీ ముక్కలు, కింద కొన్ని ఖాకీ ముక్కలు. ఒకదానికొకటి ఏమీ కావు.

ఆ ముక్క విప్పి తీసెయ్యొచ్చు. మంచి గుడ్డ విప్పి పాడు చెయ్యడం నాకిష్టం లేదు. పిల్లకి పొట్టిదైపోయిన గులాబీ పువ్వుల గౌను ఉంది. అందులోంచి ముక్క కోసి ఖాకీ మీదే కప్పి, సన్న సూదితో పైపొరకి మాత్రమే పట్టించి కుట్టాను. అడుగు దాకా సూది దింపలేదు. ఆ సాయంత్రం మళ్ళీ కిటికీకి వేశాను. పిల్ల గుమ్మంలో నిలబడి వేళ్ళ సందుల్లోంచి చూసింది.

"లేడు," అంది. చేతులు దించి, "ఎక్కడికెళ్ళాడు?"

"డ్యూటీకి."

"ఎప్పుడొస్తాడు?"

"డ్యూటీ దిగాక."

వాళ్ళమ్మ గురించి అడిగినా ఈ ఇంట్లో చెప్పే మాట అదే. తృప్తిపడి మంచం ఎక్కింది. అమ్మాయి కూడా వచ్చి చూసింది. "పోయిందమ్మా," అంది. చారిటీ షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళబోతూ ఆగి బొంతలో ఒక పక్కనున్న చేతి ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని వదిలింది.

నాకు కావలసినవి రెండూ నిలిచాయి. పిల్ల పక్కకొచ్చింది, బొంత ఇంట్లోనే ఉంది. కాకపోతే నేను పిల్ల నిద్రపోయాక జోడు తీసి కిటికీ వైపు చూసేదాన్ని. గుమ్మంలోంచి చూసేదాన్ని. తల పక్కకి వాల్చి చూసేదాన్ని. గులాబీ పువ్వులు, గుడ్డలు. భయపడి పంపించేసిన మనిషిని మళ్ళీ వెతుక్కోవడమేమిటని నన్ను నేనే కోప్పడ్డాను. అయినా చూడ్డం మానలేదు.

ఆగస్టులో నాలుగు రోజులు వరసగా ఎండ కాసింది. బొంత బాత్‌టబ్‌లో వేసి కాళ్ళతో తొక్కి ఉతికాను. ఇంత బొంతకి మిషన్ చాలదు. వెనక గార్డెన్‌లో బట్టలారేసే తీగల గొడుగు ఉంది, మధ్యలో ఒక ఇనప గొట్టం, పైన నాలుగు రెక్కలు, గాలికి తిరుగుతుంది. దాని తీగకి బొంత పై అంచు క్లిప్పులతో పట్టించి అల్లుడి చేత వేలాడదీయించాను. ముక్కల వైపు ఇంటి వైపు, అడుగు చీర కంచె వైపు పడింది. అల్లుడు పిల్లని, అమ్మాయిని కార్లో ఎక్కించుకుని ఇల్ఫర్డ్‌లో తెలిసినవాళ్ళింటికి వెళ్ళాడు. నేను రానన్నాను. ఆరేసిన బట్టలు వదిలి ఎక్కడికి పోతాం?

మధ్యాహ్నం కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తుంటే కంచె మీంచి పక్కింటి ఆవిడ పలకరించింది. ఇంగ్లీషు ఆవిడ, నా కంటే పెద్దది, ఒక్కతే ఉంటుంది. ఆవిడ టమాటాలు ఇస్తుంది, నేను గారెలు ఇస్తాను. ఆవిడ ఇంగ్లీషు నా కోసం నెమ్మదిగా మాట్లాడుతుంది.

"మీ చుట్టం లోపలికి వెళ్ళిపోయాడా? పాపం, ఎండలో అంతసేపు కూర్చున్నాడు."

"ఏ చుట్టం?"

"మీ గార్డెన్‌లో కూర్చున్నాయన. నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మేడ మీద కిటికీలోంచి చూశాను."

చేతిలో మగ్గు కింద పెట్టాను. పక్క గేటు గడియ వేసే ఉంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

"మొహం చూశారా?"

"వీపు నా వైపు అన్నాను కదా. తల ముందుకి వంచుకుని చేతులతో ఏదో నడుపుతున్నాడు. కూర్చుని గడ్డి కోసే బండి ఉంటుంది చూడండి, అది కొన్నారేమో అనుకున్నాను." ఆవిడ నవ్వింది. "ఇంత చిన్న గార్డెన్‌కి అది దండగ కదా అనుకున్నాను. మీరు అలా ఖర్చు పెట్టే మనిషి కాదు."

నేను గేటు తీసుకుని, వీధి వైపు నుంచి చుట్టూ తిరిగి వాళ్ళ గార్డెన్‌లోకి వెళ్ళాను. ఆవిడ "ఏమైంది?" అంటూ నా వెనకే వచ్చింది. కంచె ఇవతల నిలబడి మా గార్డెన్‌లోకి చూశాను.

బొంత అడుగు వైపు నేను ఎప్పుడూ దూరం నుంచి చూడలేదు. ఎవరు చూస్తారు? సాదా గంధం రంగు చీర. వాయిలు ముక్కల కుట్లు ఆ రంగు దారమే కాబట్టి చీరలో కలిసిపోయి కనపడనే లేదు. ఖాకీ ముక్కల చుట్టూ వేసిన నల్ల టాకాలు మాత్రం చుక్క చుక్కగా నడిచాయి. వీపు గీత, భుజాలు, రెండు చేతులు, ఇటు గులాబీ గుడ్డ అడ్డం లేదు కాబట్టి కూర్చున్న నడుము కూడా. పైపొరకి కప్పిన ముక్క ఇటు వైపు ఏమీ చెయ్యలేదు. ఇటు వైపు ఆయన అన్నాళ్ళూ కూర్చునే ఉన్నారు.

తల లేదు. ఉండక్కర్లేదు కూడా. రోడ్డు చూస్తూ ముందుకి వంగిన మనిషిని వెనక నుంచి చూస్తే తల కనపడదు.

పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి ఆయన బస్సులోనే వెళ్ళేదాన్ని. డ్రైవరు సీటు వెనక సీటు నాది. ఊరొచ్చేదాకా ఆయన వెనక్కి తిరిగి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. చెమటకి ఖాకీ అంటుకుపోయిన ఆ వీపు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ తర్వాత అమ్మాయిని ఒళ్ళో పెట్టుకుని అదే సీటు. ఆయన ముఖం కంటే నేను ఆ వీపే ఎక్కువ చూశాను. అందుకే ముఖం ఎంత వెతికినా ముక్కలుగానే వచ్చింది. వీపు వెతక్కుండానే వచ్చింది. మెడ మీద తువ్వాలు, చెవి దగ్గర పుట్టుమచ్చ, ఎడమ మోచెయ్యి కొంచెం పైకి ఎత్తి పట్టుకోవడం, కుట్టనివి కూడా అన్నీ వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. బస్సులో అయితే పైన అద్దం ఉండేది. ఎప్పుడైనా అందులో కళ్ళు కనపడేవి. ఆ అద్దం ఎక్కడుంటుందో అటు చూశాను. అక్కడ ఆకాశమే ఉంది.

గాలి వచ్చింది. తీగల గొడుగు నెమ్మదిగా తిరిగింది. వీపు పక్కకి ఒరుగుతూ, మలుపు తీసుకుంటున్నట్టు తిరిగి, సన్నబడి, మాయమైంది. ముక్కల వైపు వచ్చింది. ఉట్టి గుడ్డలు, గులాబీ పువ్వులు. మళ్ళీ గాలి. మళ్ళీ వీపు.

"ఓ," అంది పక్కింటి ఆవిడ నా పక్కన. "మీ ఆయనా?" అంది. నేను తలూపాను. ఇద్దరం ఆయన రెండు మలుపులు తిరిగేదాకా నిలబడి చూశాం.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మాయికి చెబితే మెదడు ఎలా కలుపుతుందో మళ్ళీ చెబుతుంది, అది నిజమే, ఆ తర్వాత బొంత అటకెక్కుతుంది. పిల్లకి చెబితే మంచం దిగిపోతుంది. పక్కింటి ఆవిడ మాత్రం వాన రోజుల్లో కంచె దగ్గర కనపడితే, "ఇవాళ ఆయన రాలేదా?" అంటుంది. "వాన కదా," అంటాను.

ఇప్పుడు చలి మొదలైంది. పొద్దు తొందరగా గుంకుతోంది, కిటికీకి బొంత అక్కర్లేదు. మళ్ళీ మంచం మీదికి వచ్చింది. పువ్వుల వైపు పైకి వేస్తాను, పిల్లకి కనపడేది అదే కాబట్టి. అడుగు చీర లోపలికి, మా వైపు వస్తుంది. పిల్ల నిద్రపోయాక దాని ఊపిరికి బొంత లేస్తుంది, దిగుతుంది. నల్ల టాకాలు నా మోచేతికి గరుకుగా తగులుతాయి. ఆయన వీపు మా ఇద్దరి వైపు ఉంది. అంటే మేము వెనక సీట్లో ఉన్నాం.

మొన్న పిల్ల నిద్రలో నా వైపు తిరిగి, కళ్ళు తెరవకుండా, కారులో దూరం వెళ్ళేటప్పుడు అడిగే మాట అడిగింది. వచ్చేశామా అని.

"ఇంకా లేదు," అన్నాను. "పడుకో."